ఎస్‌ఎస్‌హెచ్‌లో కీ ఆధారిత లాగిన్

దూరాన ఉన్న కంప్యూటరులోకి వెళ్లేటప్పుడు పాస్‌వర్డ్ టైపు చేయకుండా, జతగా తయారైన రెండు కీల సాయంతో వినియోగదారుణ్ని గుర్తించే పద్ధతి కీ ఆధారిత లాగిన్. ఈ జతలో ప్రైవేట్ కీ వినియోగదారు సొంత కంప్యూటరులోనే ఉంటుంది. పబ్లిక్ కీని సర్వరులో నమోదు చేస్తారు. పబ్లిక్ కీని ఎన్ని తలుపులకైనా వేసుకోగల బీగంగా, ప్రైవేట్ కీని ఆ బీగాలన్నిటికీ పనికొచ్చే ఒకే చెవిగా ఊహించుకోవచ్చు. బీగం ఎవరి కంటబడినా నష్టం లేదు, చెవి మాత్రం చేయి దాటకూడదు.

ఈ పద్ధతి ఎక్కువగా వాడుకలో ఉన్నది సెక్యూర్ షెల్, అంటే ఎస్‌ఎస్‌హెచ్ అనే ప్రోటోకాల్‌లో. లినక్స్ సర్వర్లను నడిపేవారు, క్లౌడ్‌లో అద్దెకు యంత్రాలు తీసుకునేవారు, గిట్ ద్వారా ప్రోగ్రాములు పంచుకునేవారు రోజూ దీని మీదే ఆధారపడతారు. పదే పదే పాస్‌వర్డ్ అడగకపోవడం దీనివల్ల వెంటనే తెలిసే సౌకర్యం. అసలు ప్రయోజనం అంతకంటే పెద్దది: వినియోగదారు రహస్యం సర్వరుకు చేరదు, కాబట్టి సర్వరు దగ్గర దొంగిలించడానికి ఆ రహస్యం ఉండదు. ఆ రహస్యాన్ని కాపాడే బాధ్యత మాత్రం పూర్తిగా వినియోగదారు కంప్యూటరు మీదకు వస్తుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి పట్టణాల్లో కాలేజీ ల్యాబుల్లోనూ ఇంటర్నెట్ సెంటర్లలోనూ ఒకే యంత్రాన్ని పలువురు వాడతారు. అక్కడ అమరికలో అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఈ విషయమే.

చరిత్ర

పాస్‌వర్డ్ అడగని లాగిన్ ఎస్‌ఎస్‌హెచ్ కంటే పాతది. 1983లో విడుదలైన 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌లో ఆర్‌లాగిన్, ఆర్‌ఎస్‌హెచ్ అనే ఆదేశాలు ఉండేవి. వినియోగదారు తన ఫోల్డరులో ఆర్‌హోస్ట్స్ అనే ఫైలు పెట్టి, ఫలానా యంత్రం నుంచి ఫలానా పేరుతో వచ్చేవారిని అడగకుండా లోపలికి రానివ్వమని రాసుకునేవాడు. రుజువు అంటూ ఏదీ లేదు. వచ్చిన యంత్రం చిరునామాను, అది చెప్పిన పేరును నమ్మడమే. 1988 నవంబరు 2న బయటపడిన మోరిస్ వర్మ్ అనే తనంతట తానే పాకే ప్రోగ్రాము ఈ నమ్మకాన్ని వాడుకుంది. ఒక యంత్రంలో దూరాక, దాన్ని నమ్మే పక్క యంత్రాలకు పాస్‌వర్డ్ లేకుండానే పాకింది.

మరోవైపు దూరపు యంత్రంలోకి వెళ్లడానికి వాడే టెల్‌నెట్, ఫైళ్లు పంపడానికి వాడే ఎఫ్‌టీపీ పాస్‌వర్డ్‌ను అడిగేవి కానీ దాన్ని ఏ గుప్తీకరణా లేకుండా తీగ మీద పంపేవి. నెట్‌వర్క్ మధ్యలో కాపు వేసినవారికి అది యథాతథంగా కనిపించేది. 1995లో ఫిన్లాండులోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఇలా పాస్‌వర్డ్‌లు చోరీ అయ్యాయి. అక్కడి పరిశోధకుడు టాటు యులోనెన్ దానికి విరుగుడుగా ఎస్‌ఎస్‌హెచ్ మొదటి రూపాన్ని రాసి, ఆ ఏడాది జులైలో అందరికీ ఉచితంగా విడుదల చేశాడు. ఎఫ్‌టీపీ 21వ పోర్టులోనూ టెల్‌నెట్ 23లోనూ ఉండగా, ఆ రెంటినీ తొలగించాలనుకున్న ప్రోటోకాల్‌కు మధ్యలో ఖాళీగా ఉన్న 22 కావాలని ఇంటర్నెట్ సంఖ్యల కేటాయింపు సంస్థ ఐఏఎన్‌ఏకు రాశాడు. కోరిన అంకె దక్కింది. నేటికీ ఎస్‌ఎస్‌హెచ్ సర్వరు మామూలుగా వినేది ఆ పోర్టులోనే.

దీనికి ఆధారమైన గణితం అప్పటికి రెండు దశాబ్దాల నాటిది. విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ 1976లో పబ్లిక్ కీ భావనను ప్రచురించారు. 1977లో రివెస్ట్, షమీర్, ఆడెల్‌మన్ ఆర్‌ఎస్‌ఏ పద్ధతిని రూపొందించారు. బ్రిటిష్ గూఢచార సంస్థ జీసీహెచ్‌క్యూలో జేమ్స్ ఎల్లిస్, క్లిఫర్డ్ కాక్స్ అంతకుముందే ఇదే దారిలో నడిచారని 1997 దాకా లోకానికి తెలియలేదు. ఆర్‌ఎస్‌ఏ మీద అమెరికాలో ఉన్న పేటెంటు 2000 సెప్టెంబరులో ముగియడంతో ఉచిత సాఫ్ట్‌వేరుకు ఆ అడ్డంకి తొలగింది.

యులోనెన్ తర్వాత స్థాపించిన కంపెనీ ఎస్‌ఎస్‌హెచ్ లైసెన్సు షరతులను బిగించింది. దాంతో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ బృందం పాత ఉచిత ప్రతి ఆధారంగా ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ను తయారుచేసి 1999 డిసెంబరులో తన 2.6 విడుదలతోపాటు అందించింది. నేడు లినక్స్ పంపిణీలు, మాక్ కంప్యూటర్లు వాడేది దీన్నే. 2018 నుంచి విండోస్ 10లోనూ దీని క్లయింటు ముందే అమర్చి వస్తోంది. అంతకుముందు విండోస్‌లో సైమన్ టాథమ్ రాసిన పుట్టీ తప్ప చాలామందికి వేరే దారి ఉండేది కాదు. ప్రోటోకాల్ రెండో రూపం 2006 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 4250 నుంచి 4254 వరకు గల పత్రాలుగా ప్రామాణికమైంది. లాగిన్‌కు సంబంధించినది వాటిలో 4252.

పనిచేసే తీరు

అనుసంధానం రెండు దశల్లో సాగుతుంది. మొదటి దశలో వినియోగదారు ప్రసక్తి ఉండదు. క్లయింటు, సర్వరు డిఫీ-హెల్‌మన్ తరహా మార్పిడితో ఆ ఒక్క సంభాషణకు పనికొచ్చే రహస్యాన్ని తయారుచేసుకుంటాయి. అదే సమయంలో సర్వరు తన హోస్ట్ కీతో తానెవరో రుజువు చేసుకుంటుంది. మొదటిసారి కలిసినప్పుడు ఆ కీ వేలిముద్రను తెర మీద చూపించి నమ్మవచ్చా అని అడిగేది అందుకే. అంగీకరిస్తే అది నోన్ హోస్ట్స్ అనే ఫైలులో చేరుతుంది. తర్వాత ఎప్పుడైనా ఆ కీ మారితే క్లయింటు పెద్ద హెచ్చరికతో ఆగిపోతుంది. సర్వరును మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా ఈ హెచ్చరిక వస్తుంది, మధ్యలో మరొకరు చొరబడినా వస్తుంది. కారణం తెలుసుకోకుండా పాత నమోదును చెరిపేయడం అలవాటు చేసుకుంటే ఈ రక్షణ ఉండీ లేనట్టే.

రెండో దశ గుప్తీకరించిన మార్గంలోనే జరుగుతుంది. ఫలానా పబ్లిక్ కీతో రావాలనుకుంటున్నానని క్లయింటు అడుగుతుంది. ఆ ఖాతా కింద ఆథరైజ్డ్ కీస్ అనే ఫైలులో ఆ కీ ఉందేమో సర్వరు చూస్తుంది. ఉంటే సరేనంటుంది. అప్పుడు క్లయింటు ఆ సంభాషణకే ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్య, వినియోగదారు పేరు, కోరిన సేవ వంటి వివరాలను కలిపి ప్రైవేట్ కీతో డిజిటల్ సంతకం చేసి పంపుతుంది. సర్వరు తన దగ్గరున్న పబ్లిక్ కీతో ఆ సంతకాన్ని సరిచూసుకుని లోపలికి అనుమతిస్తుంది.

సర్వరు ఒక యాదృచ్ఛిక సంఖ్యను పబ్లిక్ కీతో గుప్తీకరించి పంపుతుందనీ, క్లయింటు దాన్ని విప్పి చూపిస్తుందనీ చాలా పాఠాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. అది మొదటి ప్రోటోకాల్ నాటి వర్ణన. ఇప్పుడు వాడుకలో ఉన్న రెండో ప్రోటోకాల్‌లో జరిగేది సంతకం మాత్రమే. ఈ తేడా ముఖ్యమైనది. సంతకంలో సంభాషణ గుర్తింపు సంఖ్య కలిసి ఉంటుంది కాబట్టి, ఒక సర్వరుకు ఇచ్చిన సంతకాన్ని దొంగిలించి మరో సర్వరు దగ్గర చెల్లుబాటు చేసుకోవడం కుదరదు. పాస్‌వర్డ్‌కు ఈ గుణం లేదు. మోసపూరిత సర్వరుకు ఒక్కసారి టైపు చేసినా అది ఎక్కడైనా పనిచేస్తుంది.

కీల రకాలు

ఆర్‌ఎస్‌ఏ కీలు అన్నిటికంటే పాతవి, దాదాపు ప్రతి పరికరానికీ తెలిసినవి. 2019లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.0 నుంచి వీటి మామూలు పొడవు 3072 బిట్లు. అమెరికా ప్రమాణాల సంస్థ 1991లో ప్రతిపాదించిన డీఎస్‌ఏ కాలం చెల్లింది. దాన్ని 2015లో మామూలు అమరికలోంచి తీసేశారు, 2025లో వచ్చిన 10.0 విడుదలలో పూర్తిగా తొలగించారు. దీర్ఘవృత్త వక్రాల గణితంతో పనిచేసే ఈసీడీఎస్‌ఏ 2011లో చేరింది.

కొత్తగా మొదలుపెట్టేవారికి నేడు తగినది ఈడీ25519. డేనియల్ బెర్న్‌స్టైన్, ఆయన సహచరులు రూపొందించిన ఈ పద్ధతి 2014 జనవరిలో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 6.5తో వాడుకలోకి వచ్చింది. పబ్లిక్ కీ పరిమాణం 32 బైట్లే కావడంతో అది ఒకే చిన్న వరుసలో ఇమిడిపోతుంది. 2023 అక్టోబరులో వచ్చిన 9.5 నుంచి రకం చెప్పకుండా కీ తయారుచేయమంటే వచ్చేది ఇదే. పాత రౌటర్లు, పాత సర్వర్లు దీన్ని గుర్తించకపోతేనే ఆర్‌ఎస్‌ఏ అవసరం పడుతుంది. ఆర్‌ఎస్‌ఏతోనూ ఒక చిక్కుంది. ఎస్‌హెచ్‌ఏ-1 ఆధారిత సంతకాలను 2021లో 8.8 విడుదల తిరస్కరించడం మొదలుపెట్టింది. కీ బాగానే ఉన్నా, పాత సర్వరుకు ఆ పాత సంతకం తప్ప వేరొకటి తెలియకపోతే లాగిన్ ఆగిపోతుంది.

అమరిక

పని మొదలయ్యేది వినియోగదారు కంప్యూటరులో, సర్వరులో కాదు. ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ ఆదేశానికి రకంగా ఈడీ25519 ఇస్తే, హోమ్ ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే ఎస్‌ఎస్‌హెచ్ అనే దాగిన ఫోల్డరులో రెండు ఫైళ్లు పుడతాయి. చివర పబ్ అని ఉన్నది పబ్లిక్ కీ, ఆ తోక లేనిది ప్రైవేట్ కీ. తయారయ్యేటప్పుడు పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది. వ్యాఖ్య కూడా చేర్చుకోవచ్చు. ఆ వ్యాఖ్యలో యంత్రం పేరు, తయారుచేసిన ఏడాది రాసుకుంటే, తర్వాతెప్పుడో సర్వరులో పది కీలు వరుసగా కనిపించినప్పుడు ఏది ఎవరిదో తెలుస్తుంది.

తర్వాత పబ్లిక్ కీని సర్వరుకు చేర్చాలి. ఎస్‌ఎస్‌హెచ్-కాపీ-ఐడీ అనే చిన్న స్క్రిప్టు ఇందుకే ఉంది. అది చివరిసారిగా పాస్‌వర్డ్ అడిగి లోపలికి వెళ్లి, అవసరమైన ఫోల్డరు సృష్టించి, ఆథరైజ్డ్ కీస్ ఫైలు చివర కీని చేర్చి వస్తుంది. విండోస్ క్లయింటుతో ఈ స్క్రిప్టు రాదు కనుక అక్కడ పబ్ ఫైలులోని వరుసను కాపీ చేసి సర్వరులోని ఫైలుకు చేతితో అతికిస్తారు. అతికించేటప్పుడు వరుస మధ్యలో విరిగి రెండు ముక్కలైతే ఆ కీ పనిచేయదు. కొత్తవారికి ఎక్కువగా ఎదురయ్యే తడబాటు ఇది.

అనుమతుల విషయంలో సర్వరు కఠినంగా ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డరుకు 700, ఆథరైజ్డ్ కీస్ ఫైలుకు 600 అనుమతులు ఇవ్వాలి. హోమ్ ఫోల్డరులో ఇతరులు రాయగలిగేలా ఉన్నా సర్వరు ఆ కీని పట్టించుకోదు. ఇది మామూలుగా అమల్లో ఉండే స్ట్రిక్ట్ మోడ్స్ అనే నియమం. ఇతరులు ఆ ఫైలును మార్చగలిగితే తమ కీని అందులో చేర్చుకోగలరు కాబట్టి ఈ కఠినత్వం సబబే. విండోస్ సర్వరులో నిర్వాహక ఖాతాలకు దారి వేరు. వాటి కీలు సొంత ఫోల్డరులో కాక ప్రోగ్రామ్‌డేటా కింద ఒక ఉమ్మడి ఫైలులో ఉండాలి. ఇది తెలియక గంటలు పోగొట్టుకునేవారు చాలామంది.

కీతో లాగిన్ కుదిరిందని మరో కిటికీలో తేల్చుకున్న తర్వాతే సర్వరు అమరిక ఫైలులో పాస్‌వర్డ్ లాగిన్‌ను ఆపాలి. ఉన్న అనుసంధానాన్ని మూసేయకుండా పరీక్షించడం తప్పనిసరి. లేకపోతే సర్వరులోకి వెళ్లే దారి ఉండదు. ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన 22వ పోర్టు మీద పాస్‌వర్డ్‌లను వరుసగా ఊహించే ప్రోగ్రాములు ఆగకుండా తలుపు తడుతూనే ఉంటాయి. పాస్‌వర్డ్ లాగిన్‌ను ఆపితే వాటి శ్రమంతా వృథా. ఈ చివరి మెట్టు ఎక్కనివారికి కీ వల్ల సౌకర్యం మాత్రమే దక్కుతుంది, రక్షణ దక్కదు.

క్లౌడ్ యంత్రాల్లో ఈ క్రమం తిరగబడుతుంది. అమెజాన్ ఈసీ2లో లినక్స్ యంత్రం తెరిచేటప్పుడే మామూలుగా కీ జత ఎంచుకుంటారు. యంత్రం పుట్టుకతోనే పాస్‌వర్డ్ లాగిన్ లేకుండా ఉంటుంది. కీని అక్కడే తయారుచేయిస్తే ప్రైవేట్ కీని పెమ్ ఫైలుగా ఒక్కసారే దించుకోనిస్తుంది, సంస్థ దాని ప్రతిని ఉంచుకోదు. అదే విధంగా గిట్‌హబ్ 2021 ఆగస్టు 13 నుంచి గిట్ పనులకు ఖాతా పాస్‌వర్డ్‌ను అంగీకరించడం మానేసింది. టోకెన్ గానీ ఎస్‌ఎస్‌హెచ్ కీ గానీ ఉండాలి. చాలామంది విద్యార్థులు మొదటి కీ తయారుచేసుకునేది ఈ రెండు సందర్భాల్లో ఒకదానిలో.

పాస్‌ఫ్రేజ్, ఏజెంట్

పాస్‌ఫ్రేజ్ లేని ప్రైవేట్ కీ ఒక మామూలు ఫైలు. దాన్ని కాపీ చేసుకున్నవారు మరే ప్రశ్నా లేకుండా ఆ సర్వర్లన్నిటిలోకీ వెళ్లగలరు. పాస్‌ఫ్రేజ్ పెడితే డిస్కు మీద ఫైలు గుప్తీకరించి ఉంటుంది. పాస్‌ఫ్రేజ్ సర్వరుకు వెళ్లదు, సొంత కంప్యూటరులో ఫైలును విప్పడానికే వాడతారు.

పాస్‌వర్డ్ బాధ తప్పించుకోవడానికి కీ పెట్టుకుంటే, ప్రతిసారీ పాస్‌ఫ్రేజ్ టైపు చేయడమేమిటని చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. ఈ చిక్కును తీర్చేది ఎస్‌ఎస్‌హెచ్-ఏజెంట్. పనిదినం మొదట్లో ఎస్‌ఎస్‌హెచ్-యాడ్ ఆదేశంతో కీని ఒకసారి విప్పి ఏజెంటుకు అప్పగిస్తే, అది జ్ఞాపకంలో ఉంచుకుని ఆ తర్వాతి లాగిన్లన్నిటికీ సంతకాలు పెడుతుంది. ఇన్ని గంటల తర్వాత మరచిపొమ్మని గడువు కూడా పెట్టవచ్చు. మాక్‌లో కీచెయిన్, లినక్స్ డెస్క్‌టాప్‌లలో లాగిన్ కీరింగ్, పుట్టీతో పేజెంట్ ఇదే పని చేస్తాయి.

విండోస్‌తో వచ్చే ఏజెంటు తీరు మాత్రం భిన్నమైనది. లినక్స్ ఏజెంటు యంత్రం ఆపగానే అన్నీ మరచిపోతుంది. విండోస్ ఏజెంటు కీలను ఆ విండోస్ ఖాతాకు కట్టి భద్రపరచి, యంత్రం మళ్లీ తెరిచినా గుర్తుంచుకుంటుంది. సొంత ల్యాప్‌టాప్‌లో ఇది సౌకర్యం. పలువురు ఒకే ఖాతాతో వాడే ల్యాబ్ యంత్రంలో ఇది మన కీని తర్వాత కూర్చునేవారికి అప్పగించడమే.

ఏజెంటును సర్వరు దాకా పొడిగించే ఏజెంట్ ఫార్వర్డింగ్ అనే సదుపాయం ఉంది. ఆ సర్వరు నిర్వాహకుడు, లేదా దాన్ని ఆక్రమించినవాడు, అనుసంధానం ఉన్నంతసేపూ మన ఏజెంటుతో సంతకాలు పెట్టించుకోగలడు. ఒక సర్వరు మీదుగా మరొకదానికి వెళ్లాలంటే 2016లో వచ్చిన ప్రాక్సీజంప్ సురక్షితమైన దారి. అందులో సంతకం ఎప్పుడూ సొంత కంప్యూటరులోనే జరుగుతుంది.

రాత్రిపూట నకళ్లు తీసే స్క్రిప్టుల వంటి వాటికి పాస్‌ఫ్రేజ్ టైపు చేసే మనిషి ఉండడు. అక్కడ పాస్‌ఫ్రేజ్ లేని కీ తప్పదు. ఆ కీని ఆ ఒక్క పనికే కేటాయించి, ఆథరైజ్డ్ కీస్ వరుస ముందు ఏ ఆదేశం మాత్రమే నడవాలో, ఏ చిరునామా నుంచి మాత్రమే రావాలో రాసి కట్టడి చేస్తారు. రిస్ట్రిక్ట్ అనే ఒక్క మాటతో మిగతా సదుపాయాలన్నీ ఆపవచ్చు.

లాగిన్ కుదరనప్పుడు

కీ పెట్టినా పాస్‌వర్డ్ అడుగుతోందంటే సాధారణంగా సర్వరు ఆ కీని తిరస్కరించిందని అర్థం. క్లయింటును వివరాలు చూపే వి ఐచ్ఛికంతో నడిపితే ఏ కీని ఇచ్చింది, సర్వరు ఏమన్నది వరుసగా కనిపిస్తుంది. అసలు కారణం మాత్రం సర్వరు లాగ్‌లోనే ఉంటుంది. భద్రత దృష్ట్యా సర్వరు దాన్ని క్లయింటుకు చెప్పదు. అనుమతుల సడలింపు, విరిగిన వరుస, తప్పు ఖాతా పేరు ఎక్కువగా కనిపించే కారణాలు. ఎస్‌ఈ లినక్స్ అనే అదనపు భద్రతా వ్యవస్థ అమల్లో ఉన్న సర్వర్లలో ఫైలుకు సరైన ముద్ర లేకపోయినా ఇదే జరుగుతుంది.

ఏజెంటులో చాలా కీలు పోగైనప్పుడు మరో చిత్రమైన ఇబ్బంది వస్తుంది. క్లయింటు ఒక్కొక్కటిగా చూపిస్తూ పోతుంది. సర్వరు మామూలుగా ఆరు ప్రయత్నాలకే తలుపు మూస్తుంది. సరైన కీ ఏడోదైతే దాని వంతు రాదు. ఫలానా సర్వరుకు ఫలానా కీ మాత్రమే వాడమని క్లయింటు అమరిక ఫైలులో రాసుకోవడం దీనికి మందు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో వాడుక నేపథ్యం

ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి అంచున ఉన్న ఈ మూడు పట్టణాలూ బెంగళూరుకు దగ్గర. మదనపల్లెకు చేరువలో అంగళ్లు దగ్గర 1998లో మదనపల్లె సాంకేతిక, విజ్ఞాన సంస్థ ఏర్పడింది. కుప్పంలో 1997లో నెలకొన్న ద్రావిడ విశ్వవిద్యాలయంతోపాటు ఇంజనీరింగ్ కళాశాల ఉంది. కంప్యూటరు చదువు, బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఈ ప్రాంతపు యువతకు పరిచయమైన దారి.

పలువురు పంచుకునే కంప్యూటరు ఇక్కడికి ఒక పెద్ద ప్రయోగంగానే వచ్చింది. 2002లో హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో భాగంగా ఊళ్లలో సమాచార కేంద్రాలు వెలిశాయి. సొంత కంప్యూటరు ఊహకందని కుటుంబాలు ఉమ్మడి యంత్రం దగ్గర సేవలు పొందాయి. కంప్యూటరును జనానికి చేర్చడంలో ఆ నమూనా విలువైనది. ప్రైవేట్ కీ మాత్రం యంత్రానికి ఒక యజమాని ఉన్నాడనే ఊహ మీద నడుస్తుంది. ఆ రెండూ ఒకదానితో ఒకటి పొసగవు.

ఈ పొసగనితనం ల్యాబులో స్పష్టంగా కనిపిస్తుంది. అందరూ స్టూడెంట్ అనే ఒకే ఖాతాతో తెరిచే యంత్రంలో కీ తయారుచేస్తే, ఫైలు అనుమతులు ఎంత బిగించినా ప్రయోజనం లేదు. తర్వాత కూర్చునేవాడు కంప్యూటరు దృష్టిలో అదే మనిషి. అక్కడ చేయదగినవి కొద్దిగానే ఉన్నాయి. కీకి బలమైన పాస్‌ఫ్రేజ్ పెట్టి పెన్‌డ్రైవులో ఉంచుకోవాలి. ఏజెంటుకు గడువు పెట్టి, లేచేముందు అందులోని కీలన్నీ తీసేయాలి. యంత్రంలో మీటలను దొంగచాటుగా నమోదు చేసే ప్రోగ్రాము ఉంటే పాస్‌ఫ్రేజ్ కూడా కాపాడలేదు కాబట్టి, ముఖ్యమైన సర్వర్లలోకి అలాంటి చోటు నుంచి వెళ్లకపోవడమే మంచిది. ప్రాజెక్టు బృందంలో ఒకరు దించుకున్న పెమ్ ఫైలును అందరికీ వాట్సాప్‌లో పంపడం కూడా ఇలాంటిదే. నలుగురికి నాలుగు పబ్లిక్ కీలు సర్వరులో చేర్చడానికి నాలుగు వరుసలు చాలు. అప్పుడు ఒకరు బృందం వీడినా ఒక వరుస చెరిపితే సరిపోతుంది.

ఇంటి నుంచి పనిచేసేవారి పరిస్థితి వేరు. ల్యాప్‌టాప్ సొంతం. ఇబ్బంది కరెంటు కోతతో, తెగే మొబైల్ సిగ్నల్‌తో. లైను తెగిన ప్రతిసారీ మళ్లీ లాగిన్ కావాలి, పాస్‌వర్డ్ మీద ఆధారపడితే ప్రతిసారీ టైపు చేయాలి. కీ, ఏజెంటు ఉంటే తిరిగి చేరడం క్షణం పని. సర్వరులో టీమక్స్ అనే ప్రోగ్రాము నడిపితే సగంలో ఆగిన పని అక్కడే కొనసాగుతూ ఉంటుంది. ఒకే అనుసంధానం మీద పలు కిటికీలు తెరవనిచ్చే కంట్రోల్ మాస్టర్ అమరిక కూడా మళ్లీ మళ్లీ గుర్తింపు అడగడాన్ని తగ్గిస్తుంది.

ఎస్‌ఎస్‌హెచ్ పేరు వినని వారికి కూడా ఈ పట్టణాల్లో ఇదే గణితం కార్యాలయాల్లో ఎదురవుతుంది. 2011 నవంబరులో మొదలైన మీసేవ తొలుత చేరిన జిల్లాల్లో చిత్తూరు ఒకటి. ఆ కేంద్రాలు ఇచ్చే ధ్రువపత్రాల మీద అధికారి డిజిటల్ సంతకం ఉంటుంది. 2000 అక్టోబరులో అమల్లోకి వచ్చిన సమాచార సాంకేతిక చట్టం ఆ సంతకానికి చట్టబద్ధత ఇచ్చింది. సంతకం పెట్టే ప్రైవేట్ కీ ఒక చిన్న యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది. రెవెన్యూ కార్యాలయాల్లో దాన్ని డిజిటల్ కీ అంటారు. టెండర్లు వేసే కాంట్రాక్టర్లకూ, ఆడిటర్లకూ అది డాంగిల్‌గా పరిచయం. కీ టోకెన్ లోపలే ఉండి, పిన్ చెబితేనే సంతకం పెడుతుంది, బయటికి కాపీ కాదు. ఫైలుగా ఉండే ఎస్‌ఎస్‌హెచ్ కీ కంటే ఈ పద్ధతి గట్టిది. అయినా టోకెన్‌నూ పిన్‌నూ కలిపి కింది ఉద్యోగి చేతికిస్తే ఆ గట్టిదనం మిగలదు. అప్పుడు సంతకం చెల్లుతుంది, పెట్టినది ఎవరో మాత్రం తెలియదు.

2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయ వ్యవస్థలో గ్రామాల డిజిటల్ అసిస్టెంట్లు, పుంగనూరు, మదనపల్లె వంటి పురపాలికల్లో వార్డు కార్యదర్శులు రోజంతా ప్రభుత్వ పోర్టళ్లలో పనిచేస్తారు. అవి వెబ్ లాగిన్లు కాబట్టి ఎస్‌ఎస్‌హెచ్ కీలతో సంబంధం లేదు. ఒక యంత్రం, పలు చేతులు అన్న సమస్య మాత్రం అక్కడా ఉంటుంది.

పరిమితులు, ప్రమాదాలు

కీ బలం దాన్ని తయారుచేసిన యాదృచ్ఛికత మీద ఆధారపడుతుంది. డెబియన్ లినక్స్‌లో 2006లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే గుప్తీకరణ లైబ్రరీకి చేసిన ఒక చిన్న సవరణ ఆ యాదృచ్ఛికతను దాదాపు తుడిచిపెట్టింది. లోపం 2008 మేలో బయటపడే సరికి, ఆ యంత్రాల్లో తయారైన కీలు ఒక్కో రకానికి, పొడవుకు 32,768 మాత్రమే ఉండగలవని తేలింది. అన్నిటినీ ముందే తయారుచేసి పెట్టుకుని ఒక్కొక్కటిగా ప్రయత్నించవచ్చు. డెబియన్, ఉబుంటు వాడుకరులు లోకమంతటా కీలు మార్చుకోవలసి వచ్చింది.

మామూలు ఎస్‌ఎస్‌హెచ్ కీకి గడువు తేదీ లేదు. ఉద్యోగం మానినవారి కీ, పాత ల్యాప్‌టాప్ కీ ఎవరూ చెరిపేదాకా పనిచేస్తూనే ఉంటాయి. సర్వర్లు పదుల్లో ఉంటే ఏ కీ ఎక్కడుందో లెక్క తప్పుతుంది. కీకి పాస్‌ఫ్రేజ్ ఉందో లేదో సర్వరు తెలుసుకోలేదు, కనుక దాన్ని తప్పనిసరి చేయడం నిర్వాహకుడి చేతిలో లేదు. అన్నిటికంటే ప్రమాదకరమైనది పాస్‌ఫ్రేజ్ లేని ప్రైవేట్ కీలను సర్వర్లలోనే ఉంచడం. ఒక సర్వరులో దూరినవాడు అక్కడి కీతో రెండోదానికి, అక్కడినుంచి మూడోదానికి వెళతాడు. నోన్ హోస్ట్స్ ఫైలు అతనికి చిరునామాల పట్టికగా పనికొస్తుంది. 1988లో ఆర్‌హోస్ట్స్ ఫైళ్ల మీదుగా వర్మ్ పాకిన దారి ఇదే. చిరునామాల పేర్లను చదవరాకుండా మార్చి దాచే అమరిక ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో ఉంది. కీలు అక్కడ లేకపోవడం అంతకంటే మేలు.

ప్రైవేట్ కీ పోగొట్టుకుంటే దాన్ని తిరిగి తయారుచేయడం ఎవరివల్లా కాదు. సర్వరులోకి మరో దారి, అంటే రెండో యంత్రం కీ గానీ క్లౌడ్ సంస్థ ఇచ్చే కన్సోల్ గానీ, ముందే ఏర్పాటు చేసుకోవాలి. కీ చోరీ అయిందనే అనుమానం వస్తే పాస్‌ఫ్రేజ్ మార్చడం చాలదు. దొంగ దగ్గరున్న ప్రతికి పాత పాస్‌ఫ్రేజే ఉంటుంది. ప్రతి సర్వరు నుంచీ ఆ పబ్లిక్ కీని తీసేయాలి.

సంబంధిత పద్ధతులు

పెద్ద సంస్థలు సర్వరు సర్వరుకీ కీలు చేర్చే బదులు ఎస్‌ఎస్‌హెచ్ సర్టిఫికెట్లు వాడతాయి. 2010లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 5.4తో వచ్చిన ఈ పద్ధతిలో సంస్థ కీ ఒకటి ఉద్యోగి పబ్లిక్ కీ మీద గడువుతో సహా సంతకం పెడుతుంది. సర్వర్లు ఆ సంస్థ కీని నమ్మితే చాలు. గడువు కొన్ని గంటలే పెడితే, మానినవారి కీ వెతికి చెరపవలసిన పని తప్పుతుంది.

2020 ఫిబ్రవరిలో 8.2 విడుదల ఫిడో భద్రతా పరికరాలను చేర్చుకుంది. ప్రైవేట్ కీ యూఎస్‌బీ పరికరం లోపల ఉంటుంది, వేలితో తాకితేనే సంతకం పెడుతుంది. కంప్యూటరును ఆక్రమించినవాడు కూడా కీని కాపీ చేసుకోలేడు. రెవెన్యూ కార్యాలయపు టోకెన్‌కు ఇది ఎస్‌ఎస్‌హెచ్ లోకపు జోడీ. ఉమ్మడి యంత్రాలు వాడక తప్పనివారికి ప్రస్తుతం ఉన్నవాటిలో ఇదే తగిన ఏర్పాటు, ఖర్చు భరించగలిగితే. ఫోన్లలో, బ్రౌజర్లలో వస్తున్న పాస్‌కీలు ఇదే ఫిడో ప్రమాణాన్ని వెబ్ లాగిన్లకు వర్తింపజేసినవి.

క్వాంటమ్ కంప్యూటర్లు పెద్ద స్థాయికి చేరితే ఆర్‌ఎస్‌ఏ, ఈడీ25519 రెండూ సిద్ధాంతరీత్యా ఛేదించదగినవే. దీన్ని దృష్టిలో పెట్టుకుని 2022లో 9.0 విడుదల నుంచి అనుసంధానపు తొలి దశలోని రహస్య మార్పిడికి క్వాంటమ్ దాడిని తట్టుకునే పద్ధతిని జోడించారు. నేడు రికార్డు చేసుకున్న సంభాషణను రేపు విప్పకుండా అడ్డుకోవడం దాని ఉద్దేశం. లాగిన్ సంతకాన్ని వెనక్కి వెళ్లి ఫోర్జరీ చేయడం కుదరదు కనుక కీల మార్పు అంత తొందరపెట్టే విషయం కాదు. ప్రస్తుతం తయారుచేసుకునే కీగా ఈడీ25519యే కొనసాగుతోంది.